కనిపించని ఆ ఫోల్డర్ జోలికి వెళ్లొద్దు!

మీ ల్యాప్‌టాప్‌లో ఫైళ్లను సింక్ చేసే సాఫ్ట్‌వేర్ ఉందా? అయితే మీరు తయారుచేయని ఫోల్డరో, ఫైలో ఒకటి అందులో దాక్కుని ఉండే అవకాశం ఎక్కువ. అదేం పని చేస్తుందో చెప్పగలిగితే సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ధైర్యంగా నాలుగు మాటలు మాట్లాడొచ్చు.

రేపు ఉదయం మీ ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూ అనుకోండి. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రాజెక్టు ఫోల్డర్, బయటి హార్డ్‌డిస్క్‌లో ఉన్న దాని జోడీ ఫోల్డర్ ఎప్పుడూ ఒకేలా ఉండాలని మీరు ఓ సింక్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. ఆరు నెలల కిందటి కోడు, పనికిరాని డేటా ఫైళ్లు, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అంటూ పేరుకుపోయిన రిపోర్టులు... అన్నీ ఈ రాత్రే ల్యాప్‌టాప్‌లో తీసేశారు. అదే ఊపులో మసకమసకగా కనిపిస్తున్న ఓ వింత పేరు ఫైలు కంటపడింది. ‘ఇదెందుకు మధ్యలో’ అనుకుని దాన్నీ కొట్టేశారు. హార్డ్‌డిస్క్ తగిలించి, సింక్ బటన్ నొక్కి పడుకున్నారు.

తెల్లారి చూస్తే తీసేసిన చెత్తంతా మళ్లీ వచ్చి కూర్చుంది. మీ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో కనిపించిన ప్రతి డేటా ఫైలునూ చదివే రకమైతే, పాత ఫైళ్లను కూడా కలిపేసుకుని ఎగ్జామినర్ ముందు తప్పుడు అంకెలు చూపిస్తుంది. కొందరు దీన్ని వైరస్ అనుకుంటారు. ఇంకొందరు సాఫ్ట్‌వేర్‌ను తిట్టి అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు. పాపం, దాని తప్పేమీ లేదు. అది రాసుకున్న లెక్కల పుస్తకాన్ని మీరే చింపేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

లేని ఫైలుకు తేదీ ఉండదు

రెండు ఫోల్డర్లను ఒకేలా ఉంచడం చాలా తేలికైన పనిలా కనిపిస్తుంది. ఇటు ఉన్నది అటు వేస్తాం, అటు ఉన్నది ఇటు తెస్తాం, ఏది కొత్తదైతే దాన్ని ఉంచుతాం. అంతేగా? ఒక్క చిక్కు ప్రశ్న వేసుకోండి. ల్యాప్‌టాప్‌లో ‘రిపోర్ట్’ అనే ఫైలు లేదు. హార్డ్‌డిస్క్‌లో ఉంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి?

దీనికి రెండు కథలు సరిపోతాయి. ఒకటి, ఆ ఫైలును ఎవరో హార్డ్‌డిస్క్‌లో కొత్తగా పెట్టారు, కాబట్టి ల్యాప్‌టాప్‌కు కాపీ చేయాలి. రెండోది, నిన్నటి దాకా రెండు చోట్లా ఉంది, ల్యాప్‌టాప్‌లో మీరే తీసేశారు, కాబట్టి హార్డ్‌డిస్క్‌లో కూడా తీసేయాలి. ఒక కథ ప్రకారం కాపీ, ఇంకో కథ ప్రకారం డిలీట్. ఎదురుగా కనిపించే దృశ్యం మాత్రం రెండింటికీ ఒకటే. ఫైలు మార్చిన తేదీ చూసి తేల్చుకోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. లేని ఫైలుకు తేదీ ఎక్కడుంటుంది?

దీన్ని తేల్చాలంటే మూడో సాక్ష్యం కావాలి. పోయినసారి సింక్ అయినప్పుడు రెండు వైపులా ఏమేం ఉన్నాయో రాసి పెట్టిన జాబితా. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం లాంటిదన్న మాట. అరల్లో సరుకు తగ్గిందంటే అప్పుకు పోయిందా, అసలు రానేలేదా అన్నది కొట్టు వైపు చూస్తే తెలియదు, పుస్తకం తెరిస్తేనే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పటి ల్యాప్‌టాప్‌ను, ఇప్పటి హార్డ్‌డిస్క్‌ను నేరుగా పోల్చి ఊరుకోదు. రెండింటినీ విడివిడిగా ఆ పాత జాబితాతో పోలుస్తుంది. జాబితాలో ఉండి ఇప్పుడు లేకపోతే తీసేసినట్టు. జాబితాలో లేకుండా ఇప్పుడు ఉంటే కొత్తది. రెండు వైపులా జాబితాకు భిన్నంగా మారి ఉంటే గొడవ, అంటే కాన్‌ఫ్లిక్ట్.

మరి జాబితా పోతే? పాపం ఏమీ గుర్తులేదు కాబట్టి ఈ రెండు ఫోల్డర్లనూ మొదటిసారి కలుస్తున్నట్టే చూస్తుంది. ఒక వైపు మాత్రమే ఉన్న ప్రతి ఫైలునూ ‘కొత్తది’ అనుకుని రెండో వైపుకు కాపీ చేస్తుంది. నిజానికి ఇది జాగ్రత్తతో తీసుకున్న నిర్ణయమే. తెలియనప్పుడు తీసేయడం కంటే ఉంచడమే మేలు కదా. కానీ మీరు కష్టపడి తీసేసిన చెత్త మాత్రం తిరిగొస్తుంది.

ఆ పుస్తకాన్ని ఎక్కడ దాస్తారు?

ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో పద్ధతి. ఉచితంగా దొరికే ఫ్రీఫైల్‌సింక్‌ను తీసుకుంటే, రెండు వైపులా మార్పులు గమనించే పద్ధతిలో నడిపినప్పుడు రెండు ఫోల్డర్లలోనూ ‘సింక్ డాట్ ఎఫ్‌ఎఫ్‌ఎస్ అండర్‌స్కోర్ డీబీ’ అనే దాచిన ఫైలు ఒక్కోటి పెడుతుంది. గుడ్‌సింక్ రెండు వైపులా ఏకంగా ఒక ఫోల్డరే తెరుస్తుంది. దాని పేరు ‘జీఎస్‌డేటా’, ముందూ వెనకా ఒక్కో అండర్‌స్కోర్. నెక్స్ట్‌క్లౌడ్ మీ కంప్యూటర్లోని ఫోల్డర్‌లో ఒక చిన్న డేటాబేస్ ఫైలు దాస్తుంది.

యూనిసన్ దారి వేరు. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో బెంజమిన్ పియర్స్ బృందం తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ లెక్కలను మీ ఫోల్డర్‌లో పెట్టదు. యూజర్ హోమ్ డైరెక్టరీలో తనకంటూ ఓ ఫోల్డర్ పెట్టుకుని అందులో ‘ఆర్కైవ్’ ఫైళ్లు రాస్తుంది. సింక్‌థింగ్ కూడా అసలు డేటాబేస్‌ను మీ ఫైళ్లతో కలపకుండా విడిగానే ఉంచుతుంది.

ఏ పద్ధతి మంచిది? ఇంటర్వ్యూలో ఎవరైనా ఇలా అడిగితే సంతోషించండి, మాట్లాడటానికి చాలా ఉంది. లెక్కల పుస్తకం ఫోల్డర్‌లోనే ఉంటే హార్డ్‌డిస్క్‌ను ఏ డ్రైవ్ లెటర్‌తో తగిలించినా పుస్తకం దాని వెంటే వెళుతుంది. కానీ మీలాంటి వారు శుభ్రం చేస్తూ దాన్ని కొట్టేసే ప్రమాదం ఉంది. ప్రాజెక్టును జిప్ చేసి పంపితే ఆ చెత్త కూడా లెక్చరర్ మెయిల్‌కు వెళుతుంది. పుస్తకం హోమ్ డైరెక్టరీలో ఉంటే మీ ఫోల్డర్ శుభ్రంగా కనిపిస్తుంది. కానీ విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన రోజు, లేదా కొత్త ల్యాప్‌టాప్‌కు మారిన రోజు పుస్తకం గల్లంతవుతుంది. రెండింట్లోనూ లాభనష్టాలున్నాయని చెప్పి, ఎక్కడ ఏది నప్పుతుందో ఒక ఉదాహరణ ఇవ్వగలిగితే చాలు.

సగం వచ్చిన ఫైలు

దాచిన ఫోల్డర్లు చేసే రెండో పని, కాపీ మధ్యలో ఆగిపోతే జరిగే నష్టాన్ని ఆపడం. హాస్టల్ వైఫై సంగతి మీకు చెప్పక్కర్లేదు. మూడు జీబీ ఫైలు అవతలికి వెళుతోంది, రెండు జీబీ దగ్గర కనెక్షన్ తెగింది. సాఫ్ట్‌వేర్ నేరుగా పాత ఫైలు మీదే రాస్తూ పోయి ఉంటే ఇప్పుడు అక్కడ ఉన్నది సగం కొత్తది, సగం పాతది. అది దేనికీ పనికిరాదు.

లైనక్స్ ప్రపంచంలో అందరూ వాడే ఆర్‌సింక్ దీన్ని ఎలా దాటుతుందో చూడండి. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ దీన్ని 1996లో విడుదల చేశారు. మూడు దశాబ్దాలు కావస్తున్నా సర్వర్లలో బ్యాకప్ స్క్రిప్టు తెరిస్తే దీని పేరు తగులుతూనే ఉంటుంది. ఇది వచ్చే ఫైలును అసలు పేరుతో రాయదు. అదే డైరెక్టరీలో, ముందు ఒక చుక్క, చివర ఆరు పిచ్చి అక్షరాలు తగిలించిన తాత్కాలిక పేరుతో రాస్తుంది. మొత్తం వచ్చాకే దాన్ని అసలు పేరుకు మారుస్తుంది. ఒకే డిస్క్ విభాగంలో పేరు మార్చడం ఒక్క దెబ్బలో జరిగే పని. కాబట్టి బయటి నుంచి చూసేవారికి ఉంటే పాత ఫైలు ఉంటుంది, లేదంటే కొత్త ఫైలు ఉంటుంది. సగం ఫైలు ఎప్పుడూ కనిపించదు.

ఇందులోంచి పుట్టే సమస్యలే సపోర్ట్ టికెట్లు. వాటిలో మూడు చెబుతా.

మొదటిది, జాగా. డిస్క్‌లో ఇప్పటికే 40 జీబీ డేటాబేస్ డంప్ ఉంది. దాని కొత్త కాపీ వస్తోంది. పాతది ఉండగానే కొత్తది తాత్కాలిక పేరుతో పక్కన తయారవుతుంది కాబట్టి మరో 40 జీబీ ఖాళీ కావాలి. ‘ఫైలు సైజు పెరగలేదు కదా, డిస్క్ ఫుల్ అని ఎందుకంటోంది?’ అని టికెట్ వస్తే మీకు కారణం తెలిసి ఉండాలి. ఆ పాత ఫైలు మీదే నేరుగా రాయమని చెప్పే ‘ఇన్‌ప్లేస్’ అనే ఆప్షన్ ఉంది. జాగా మిగులుతుంది, కానీ మధ్యలో కరెంటు పోతే సగం ఫైలు మిగులుతుంది. ఏది పోగొట్టుకోవడానికి సిద్ధమో మీరే తేల్చుకోవాలి.

రెండోది, ఆ జాగా సమస్యను అతితెలివితో పరిష్కరించడం. తాత్కాలిక ఫైళ్లను వేరే డిస్క్‌లో పెట్టమని ఆర్‌సింక్‌కు చెప్పొచ్చు. చాలామంది చెప్పేస్తారు కూడా. కానీ ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కు ‘పేరు మార్చడం’ కుదరదు, మళ్లీ కాపీ చేయాల్సిందే. అంటే ఒక్క దెబ్బలో మారడం అనే రక్షణ పోయినట్టే. నా దృష్టిలో ఇది జూనియర్ అడ్మిన్‌ను అడగదగ్గ చక్కటి ప్రశ్న. జవాబు బట్టీ పట్టి రాదు, లోపల ఏం జరుగుతుందో ఊహించగలిగితేనే వస్తుంది.

మూడోది, మిగిలిపోయిన ముక్కలు. మీరే కంట్రోల్ సీ నొక్కి ఆపితే ఆర్‌సింక్ తన తాత్కాలిక ఫైలును తనే తుడిచేసి వెళుతుంది. అదే కరెంటు పోయినా, ప్రాసెస్‌ను బలవంతంగా చంపేసినా ఆ చుక్క పేరు ఫైలు అక్కడే పడి ఉంటుంది. మామూలుగా లిస్ట్ చేస్తే కనిపించదు. నెలల తరబడి అలాంటివి పోగైతే డిస్క్ నిండిపోతుంది, కారణం ఎవరికీ అర్థం కాదు. దాచినవి కూడా చూపించే ‘ఎల్‌ఎస్ మైనస్ ఏ’ కమాండ్ కొట్టిన వారికే దొరుకుతుంది.

సగం వచ్చినదాన్ని పారేయకుండా రేపు అక్కడి నుంచే కొనసాగించాలనుకుంటే దానికీ ఏర్పాటుంది. ‘పార్షియల్ డైరెక్టరీ’ ఆప్షన్‌తో పేరు చెబితే సగం ఫైళ్లను ఆ ఫోల్డర్‌లో విడిగా దాచి, తర్వాతి సారి వాడుకుంటుంది. సింక్‌థింగ్ అయితే ఇది అడగకుండానే చేస్తుంది. సగం ఫైలును ‘టీఎంపీ’తో ముగిసే దాచిన పేరుతో అట్టే పెట్టి, మామూలుగా 24 గంటల దాకా ఉంచుతుంది. ఈలోగా కనెక్షన్ తిరిగొస్తే వచ్చిన ముక్కల్ని మళ్లీ డౌన్‌లోడ్ చేయదు. గూగుల్ డ్రైవ్ వాడేవారి డిస్క్‌లో కనిపించే, ‘డ్రైవ్ డౌన్‌లోడ్’, ‘డ్రైవ్ అప్‌లోడ్’ అన్న మాటలతో ముగిసే టీఎంపీ ఫోల్డర్లు కూడా ఈ జాతివే.

ఖాళీ ఫోల్డర్ చేసే కాపలా

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఫోల్డర్ గురించి. సింక్‌థింగ్ మీ ఫోల్డర్‌లో ‘డాట్ ఎస్‌టీఫోల్డర్’ అని ఒకటి పెడుతుంది. తెరిచి చూస్తే అందులో చెప్పుకోదగ్గదేమీ ఉండదు. పనికిరానిదని తేల్చేయడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ దీన్ని తీసేసిన మరుక్షణం సింక్‌థింగ్ పని ఆపేసి, ఫోల్డర్ గుర్తు కనిపించడం లేదంటూ ఎర్రర్ ఇస్తుంది.

ఎందుకంత పట్టుదల? ఈ పరిస్థితి ఊహించుకోండి. ఆఫీసులో ఒక లైనక్స్ సర్వర్. ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లో ఉన్నాయి. ఆ డిస్క్‌ను సర్వర్‌లోని ఒక ఫోల్డర్ దగ్గర మౌంట్ చేశారు. ఒకరోజు రీబూట్ అయ్యాక ఏదో కారణంతో డిస్క్ మౌంట్ కాలేదు. మౌంట్ చేసే చోటు మాత్రం ఖాళీ ఫోల్డర్‌గా అలాగే ఉంది. సింక్ సాఫ్ట్‌వేర్ లేచి చూసుకుంది. లెక్కల పుస్తకంలో పది వేల ఫైళ్లు, ఎదురుగా సున్నా. పుస్తకాన్ని నమ్మితే అర్థం ఒక్కటే. ‘యజమాని అన్నీ తీసేశాడు. మిగతా కంప్యూటర్లలో కూడా తీసేద్దాం.’ ఇక అంతే సంగతులు!

ఆ ఘోరాన్ని ఆపేది ఈ ఖాళీ ఫోల్డరే. అది డిస్క్ లోపల ఉంటుంది కాబట్టి డిస్క్ మౌంట్ కాకపోతే అదీ కనిపించదు. అది కనిపించకపోతే ‘ఇది నా ఫోల్డర్ కాదు, ఏదో తేడా ఉంది’ అని సింక్‌థింగ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. యూనిసన్‌లో ఇలాంటి గుర్తు ఫోల్డర్ ఉండదు. కానీ ఒక వైపు మొత్తం మాయమైనట్టు కనిపిస్తే, తీసేసే ముందు ప్రత్యేకంగా అడుగుతుంది. భయం ఒకటే, జాగ్రత్త వేరు.

అసలు ప్రమాదం ఎక్కడుందంటే, ఎర్రర్ చూసిన జూనియర్ ఏం చేస్తాడన్న దాంట్లో. ఎర్రర్ మెసేజ్‌ను గూగుల్‌లో కొడితే ‘ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ చేత్తో తయారుచేయండి, సరిపోతుంది’ అన్న సలహా దొరుకుతుంది. ఫోల్డర్‌ను నిజంగానే పొరపాటున డిలీట్ చేసి ఉంటే ఆ సలహా సరైనదే. కానీ డిస్క్ మౌంట్ కానందువల్ల ఎర్రర్ వస్తుంటే? మీరు ఖాళీ చోట గుర్తు పాతి, ‘అంతా బాగానే ఉంది, కానివ్వు’ అని చెప్పినట్టు. పది వేల ఫైళ్లకు మీ చేత్తోనే దారి తీసినట్టు. కాబట్టి ఈ ఎర్రర్ కనిపిస్తే ముందు చూడాల్సింది డిస్క్ ఉందా లేదా అని. ఫైళ్లు వాటి చోట కనిపిస్తున్నాయా అని. ఆ తర్వాతే ఫోల్డర్ సంగతి.

పారేసినవి దాచే చోటు

కొన్ని సాఫ్ట్‌వేర్లు తీసేసిన ఫైళ్లను కూడా దాచిన ఫోల్డర్‌లోనే కొన్నాళ్లు ఉంచుతాయి. గుడ్‌సింక్ తన జీఎస్‌డేటా ఫోల్డర్ లోపలే వాటికి చోటు కేటాయిస్తుంది. రెసిలియో సింక్‌లో ‘డాట్ సింక్’ అనే ఫోల్డర్, దాని లోపల ‘ఆర్కైవ్’ ఉంటాయి. సెట్టింగ్ మార్చకపోతే 30 రోజులు ఉంచుతుంది. సింక్‌థింగ్‌లో ‘డాట్ ఎస్‌టీవెర్షన్స్’ ఈ పని చేస్తుంది. అయితే వెర్షనింగ్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. ఇది తెలియక ‘ఫైలు పోయినా ఎక్కడో ఉంటుందిలే’ అనే ధీమాతో ఉండేవాళ్లున్నారు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సింక్‌థింగ్ పాత కాపీలు దాచేది బయటి నుంచి వచ్చిన మార్పులకు మాత్రమే. మీ ల్యాప్‌టాప్‌లో మీరే ఫైలు డిలీట్ చేస్తే మీ దగ్గర కాపీ మిగలదు. ఆ డిలీట్ మీ టీమ్‌మేట్ ల్యాప్‌టాప్‌కు చేరినప్పుడు, అక్కడ వెర్షనింగ్ ఆన్‌లో ఉంటే, అక్కడ దాస్తుంది. అంటే మీరు పోగొట్టుకున్నది వెతకాల్సింది మీ దగ్గర కాదు, పక్క రూమ్‌లో ఉన్న స్నేహితుడి దగ్గర. నలుగురు కలిసి ప్రాజెక్టు చేసేటప్పుడు ఈ ఒక్క విషయం తెలిస్తే చాలా రాత్రుళ్లు మిగులుతాయి. కనీసం ఒకరి మెషీన్‌లోనైనా వెర్షనింగ్ ఆన్‌లో ఉంచండి.

పనిలో పనిగా ఇంకో మాట. మీ ప్రాజెక్టు గిట్‌లో ఉంటే, లోపల ‘డాట్ గిట్’ అనే దాచిన ఫోల్డర్ ఉంటుంది. అది గిట్ సొంత లెక్కల పుస్తకం. ఇద్దరు ఒకేసారి పని చేస్తుండగా దాన్ని సింక్ సాఫ్ట్‌వేర్‌తో అటూ ఇటూ తిప్పితే ఒక పుస్తకంలో రెండు చేతులు రాసినట్టవుతుంది. కోడ్‌ను గిట్‌కే వదిలేయండి, సింక్‌ను డాక్యుమెంట్లు, డేటా ఫైళ్లకు వాడండి. సింక్‌థింగ్‌లో ఏవి వద్దో ‘డాట్ ఎస్‌టీఇగ్నోర్’ అనే ఫైలులో రాస్తారు. కానీ ఆ ఫైలు మాత్రం తనంతట తాను మిగతా మెషీన్లకు వెళ్లదు, ఎవరిది వారు రాసుకోవాల్సిందే.

ఉద్యోగానికి ఇదెందుకు?

డెస్క్‌టాప్ సపోర్ట్, జూనియర్ సిస్టమ్ అడ్మిన్, బ్యాకప్ ఆపరేటర్, టెస్టింగ్... డిగ్రీ అయినా, బీటెక్ అయినా, డిప్లొమా అయినా చాలామంది మొదట అడుగుపెట్టే చోట్లు ఇవే. అక్కడి పనిలో ఫైళ్లు పోవడం, ఫైళ్లు తిరిగి రావడం, డిస్క్ నిండిపోవడం రోజువారీ గోల. ఫోన్ చేసినవారు ‘జీఎస్‌డేటా ఫోల్డర్ ఏంటండీ, డిలీట్ చేసేయనా?’ అని అడుగుతారు. ‘ఆగండి’ అని చెప్పి, ఎందుకు ఆగాలో చెప్పగలగాలి.

‘సింక్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టే కదా?’ అనే ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. కాదని అందరూ చెబుతారు. ఎందుకు కాదో చెప్పేవారు తక్కువ. మీరిప్పుడు చెప్పగలరు. సింక్ సాఫ్ట్‌వేర్‌కు మీ పొరపాటు కూడా ఒక మార్పే, దాన్ని కూడా అంతే నమ్మకంగా రెండో వైపుకు మోసుకెళుతుంది. దాచిన చోట పాత కాపీలు ఉన్నా అవి కొన్ని రోజులకే, కొన్ని సెట్టింగులకే, కొన్ని మెషీన్లకే పరిమితం. పైగా చాలాసార్లు అదే డిస్క్‌లో ఉంటాయి. డిస్క్ పోతే అవీ పోతాయి.

ఒక చిన్న హెచ్చరిక. ఇంటర్వ్యూలో ‘డైరెక్టరీ సింక్’ అన్న మాట వినగానే ఈ కథంతా మొదలుపెట్టకండి. కంపెనీల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఉద్యోగుల లాగిన్ ఖాతాలను ఆఫీసు సర్వర్లోని యాక్టివ్ డైరెక్టరీ నుంచి క్లౌడ్‌కు పంపడాన్ని కూడా అలాగే అంటారు. మైక్రోసాఫ్ట్ ఎంట్రా కనెక్ట్ చేసేది అదే. ‘ఫైళ్ల ఫోల్డర్ల గురించి అడుగుతున్నారా సార్, యూజర్ ఖాతాల గురించా?’ అని ముందే అడిగి తెలుసుకోవడం తప్పేమీ కాదు. అడిగేవారికి అది నచ్చుతుంది కూడా.

రెజ్యూమెలో ‘సింక్ టూల్స్ తెలుసు’ అని రాస్తే ఎవరూ నమ్మరు. అలాంటి లైన్లు ప్రతి రెజ్యూమెలోనూ ఉంటాయి. చేసి చూశానని చెప్పగలగాలి. దీనికి పైసా ఖర్చు లేదు, ల్యాప్‌టాప్ ఒక్కటి చాలు. ఒక అరగంట కేటాయించండి.

డెస్క్‌టాప్ మీద ‘ఎడమ’, ‘కుడి’ అని రెండు ఫోల్డర్లు తయారుచేయండి. ముఖ్యమైన ఫైళ్లతో వద్దు, ఎడమ దాంట్లో ఐదు ఉత్తుత్తి టెక్స్ట్ ఫైళ్లు పెట్టండి. ఫ్రీఫైల్‌సింక్ ఇన్‌స్టాల్ చేసి, ఈ రెండింటినీ ఎంచుకుని, టూ వే పద్ధతిలో ఒకసారి సింక్ చేయండి. ఇప్పుడు విండోస్ 11లో అయితే ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలోని షోలో హిడెన్ ఐటమ్స్‌కు టిక్ పెట్టండి. లెక్కల పుస్తకం రెండు వైపులా కనిపిస్తుంది. లైనక్స్ అయితే దాని పేరు ముందు ఒక చుక్క ఉంటుంది.

ఎడమ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు డిలీట్ చేయండి. ఫ్రీఫైల్‌సింక్‌లో ‘కంపేర్’ మాత్రమే నొక్కండి, సింక్ నొక్కొద్దు. ఆ ఫైలును కుడి వైపు కూడా తీసేస్తానని చూపిస్తుంది. ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. ప్రోగ్రామ్ మూసేసి, రెండు ఫోల్డర్లలోనూ ఆ దాచిన ఫైలును డిలీట్ చేయండి. మళ్లీ తెరిచి, మళ్లీ కంపేర్ నొక్కండి. ఫోల్డర్లలో మీ ఫైళ్లు ఒక్కటీ మారలేదు. కానీ ఈసారి అదే ఫైలు ఎదురుగా గుర్తు మారిపోయి ఉంటుంది. తీసేస్తానన్నది కాస్తా, కుడి నుంచి ఎడమకు కాపీ చేస్తానంటుంది. రెండో స్క్రీన్‌షాట్ తీసి, మొదటి దాని పక్కనే పెట్టుకోండి.